పెన్నా ఒడ్డున వలసపక్షులు

అక్టోబరు మొదలుకొని మార్చి దాకా కడప జిల్లా పడమటి భాగంలోని జలాశయాల ఒడ్డున నిలబడితే వేల కిలోమీటర్లు దాటి వచ్చిన పక్షులు కంటికి ఆనుతాయి. కొన్ని సైబీరియా చిత్తడి నేలల్లో పుట్టినవి, కొన్ని టిబెట్ పీఠభూమి మీద, మంగోలియా సరస్సుల దగ్గర గుడ్లు పొదిగి వచ్చినవి. అక్కడ నీళ్లు గడ్డకట్టి, పురుగూ గడ్డీ మంచు కిందికి పోయే కాలానికి ఇవి దక్షిణానికి దిగి వస్తాయి. ఆర్కిటిక్ నుంచి హిందూ మహాసముద్రం దాకా 30 దేశాల మీదుగా సాగే ఈ దారిని శాస్త్రవేత్తలు మధ్య ఆసియా వలస మార్గం అంటారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఆ దారిలోనే ఉన్నాయి. ఇక్కడ పక్షులను చూడటానికి పడవ ఎక్కనక్కరలేదు. గట్టు మీద ఓపిగ్గా నిలబడగలిగితే చాలు.

పెన్నా నది కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, అనంతపురం దాటి కడప జిల్లాలోకి వస్తుంది. గండికోట దగ్గర ఎర్రమల కొండలను నిలువునా కోసుకుని బయటపడి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పక్కగా సాగి, 597 కిలోమీటర్ల ప్రయాణం తర్వాత నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. వానలు తక్కువైన ఈ సీమలో ఏటిలో నీటికంటే ఇసుక కనిపించే రోజులే ఎక్కువ. ఏడాదిలో చాలా నెలలు నిలిచి ఉండే వెడల్పాటి నీళ్లు ఇక్కడికి ఆనకట్టలతోనే వచ్చాయి. జమ్మలమడుగు దగ్గరి మైలవరం జలాశయం సామర్థ్యం సుమారు 10 టీఎంసీలు. దానికి ఎగువన ఉన్న గండికోట జలాశయం 26.85 టీఎంసీలది, గాలేరు-నగరి పథకం ద్వారా శ్రీశైలం నీళ్లు దీనికి చేరతాయి. పులివెందుల వైపు పార్నపల్లె దగ్గర చిత్రావతి మీద 10 టీఎంసీల బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, సింహాద్రిపురం మండలంలో 6 టీఎంసీల పైడిపాలెం జలాశయం ఉన్నాయి. గండికోట నీళ్ల కింద తాళ్లప్రొద్దుటూరు, కొండాపురం లాంటి ఊళ్లు మునిగాయి. ఈ ఒడ్డున నిలబడి పక్షులను చూసేవారు ఆ ఊళ్లవాళ్లు ఇళ్లూ పొలాలూ వదులుకున్న సంగతి కూడా తెలుసుకుని ఉండాలి.

నీళ్లున్న చోటల్లా పక్షులుండవు. గండికోట లోయలో ఎర్రటి రాతిగోడల మధ్య నిలిచిన నీళ్లు చూడటానికి గొప్పగా ఉంటాయి గాని, లోతు ఎక్కువ, దరి నిట్టనిలువు. బురదలో మేత వెతుక్కునే పిట్టకు అక్కడ కాలు మోపే చోటే ఉండదు. ఆ రాతి అరల్లో డేగలు, గుడ్లగూబలు, పావురాళ్లు బతుకుతాయి. నీటిపక్షుల కోసం చదునైన దరికి వెళ్లాలి: నల్లరేగడి పొలాల అంచున నీళ్లు పలచగా పరుచుకునే చోట్లు, వాగులు వచ్చి జలాశయంలో కలిసే మూలలు, ఏటి మధ్యలో తేలిన ఇసుక దిబ్బలు. మోకాలి లోతుకు మించని నీళ్లలోనే ఎక్కువ పక్షుల జీవనం.

కాలాన్ని బట్టి కూడా దృశ్యం మారుతుంది. ఆగస్టు నెలాఖరుకే ఉల్లంకి పిట్టలు కొన్ని దిగుతాయి. దూర ఉత్తరాన వాటి సంతానకాలం పొట్టిది. జులైలోనే కొన్ని తిరుగు ప్రయాణం మొదలుపెడతాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో బాతుల మొదటి గుంపులు వస్తాయి. ఈశాన్య రుతుపవనాలతో జలాశయాలు నిండి, నవంబరులో నీళ్లు గట్టును తాకుతున్నప్పుడు పక్షులు చెదిరి ఉంటాయి. ఊరి చెరువుల్లో, నిండిన కుంటల్లో సర్దుకుంటాయి. డిసెంబరు నుంచి కాలువలకు నీళ్లు వదిలేకొద్దీ జలాశయం లోపలికి తగ్గుతుంది, తడి బురద బయటపడుతుంది, అప్పటికి చిన్న కుంటలూ ఎండుతాయి. అందువల్ల జనవరి, ఫిబ్రవరి నెలల్లో చుట్టుపక్కల పక్షులన్నీ పెద్ద నీళ్ల దగ్గర పోగవుతాయి. ఒడ్డు నుంచి చూడటానికి ఇంతకంటే మంచి కాలం లేదు.

దూరంగా నీటి నడిమిలో నల్లటి చుక్కలుగా కనిపించే గుంపులో సగం బొల్లికోళ్లే కావచ్చు. నల్లటి ఒళ్లు, నుదుటి మీద తెల్లటి బొల్లి ఉంటే అవి బొల్లికోళ్లు. వాటి పక్కన తేలే బాతులను వేరుచేయడానికి కొన్ని గుర్తులున్నాయి. సూదిలా సాగిన తోక, తెల్లటి మెడ ఉన్నది సూదితోక బాతు. వెడల్పాటి గరిటె ముక్కును నీటిలో ఆనించి జల్లెడ పడుతున్నట్టు ముందుకు సాగేది షోవెలర్. కంటి మీద తెల్లటి పట్టీ ఉన్న చిన్న బాతు గార్గనీ. బాతుల్లో ముందుగా చేరే వాటిలో ఇదొకటి. ఏటి ఇసుక దిబ్బల మీద నారింజ రంగులో జంటగా కూర్చునేవి జక్కవలు. కావ్యాల్లో రాత్రి ఎడబాటుకు పేరుపడ్డ చక్రవాకాలు ఇవే. లడఖ్, టిబెట్ ఎత్తుల్లో సంతానం కని, చలికాలానికి మైదానాల నదులకు దిగుతాయి. రాత్రిపూట మేసి, పగలు ఎక్కువసేపు దిబ్బల మీద విశ్రాంతి తీసుకుంటాయి కనుక తెలిసినవాళ్లకు వీటిని చూడటం సులువు.

వీటన్నిటికంటే చెప్పుకోదగ్గ ప్రయాణం తలపట్టీ బాతుది. బూడిదరంగు ఒళ్లు, తెల్లటి తల, తల వెనక రెండు నల్లటి అడ్డగీతలు; రెండు మూడు కిలోల బరువు. మంగోలియా నుంచి, టిబెట్ నుంచి హిమాలయాలను దాటి ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక జలాశయాలకు వస్తుంది. మంగోలియాలో కొన్ని బాతులకు పరికరాలు అమర్చి గమనించగా, ఒకటి సముద్రమట్టానికి 7,290 మీటర్ల ఎత్తున ఎగిరినట్టు తేలింది. ఆ ఎత్తులో గాలి పలచన, ప్రాణవాయువు మైదానంలో ఉన్నదానిలో సగం కూడా ఉండదు. దీని రక్తంలోని హిమోగ్లోబిన్ ఇతర బాతులకంటే గట్టిగా ప్రాణవాయువును పట్టుకుంటుంది. ఊపిరితిత్తులు పెద్దవి, రెక్క కండరాలకు రక్తనాళాలు ఎక్కువ. మరో సంగతి కూడా ఆ పరిశీలనలో బయటపడింది. ఈ బాతులు ఒకే ఎత్తులో నేరుగా సాగవు. కొండ ఎక్కితే తామూ ఎక్కుతాయి, లోయ వస్తే దిగుతాయి. పైన పలచటి గాలిలో రెక్కలాడించడం కంటే దిగి మళ్లీ ఎక్కడమే వాటికి తక్కువ శ్రమ. పగలంతా ఇవి జలాశయం మధ్యలో సేదతీరి, పొద్దు గూకే వేళ బారులు తీరి చేల మీదికి మేతకు వెళ్తాయి. లేత బుడ్డశనగ, వరి వీటికి ఇష్టం. పంట నష్టపోయిన రైతు కోపం న్యాయమైనదే. తరిమేందుకు టపాసులూ డప్పులూ ఉండగా విషపు గింజలు చల్లడం మాత్రం నేరం.

బురద అంచున తిరిగే చిన్న పిట్టలను చాలామంది పట్టించుకోరు. ఒడ్డు నుంచి చూసేవారికి దగ్గరగా దొరికేవి ఇవే. బొమ్మ ఉల్లంకి అనదగినంత చిన్నది లిటిల్ స్టింట్. పాతిక గ్రాములకు అటూ ఇటూ బరువు, పిచ్చుకంత ఒళ్లు. యూరప్, సైబీరియాల ఉత్తర కొసన, చెట్టు మొలవని టండ్రా నేలలో గుడ్లు పెట్టి ఇంత దూరం వస్తుంది. నీటి అంచు వెంట పరుగులు తీస్తూ కుట్టుమిషను సూదిలా ముక్కుతో బురదను పొడుస్తుంది. రెండడుగులు వేస్తుంది, నాలుగు పోట్లు పొడుస్తుంది, మళ్లీ పరుగు. దాని పక్కనే పొడవు కాళ్ల ఉల్లంకి లోతు నీటిలో తల ముంచి వెతుకుతుంది. ముక్కు పొడవు ఒక్కో జాతికి ఒక్కో తీరు కనుక, పైన ఉన్న పురుగు ఒకరిది, అంగుళం లోతున ఉన్న పురుగు మరొకరిది. ఒకే బురదలో అయిదారు జాతులు పోట్లాడుకోకుండా బతకడంలో కిటుకు ఇదే. రాళ్ల మీద వాలి తోకభాగాన్ని అదేపనిగా ఆడించేది కామన్ శాండ్‌పైపర్. సన్నని తోకను పైకీ కిందికీ కొట్టుకుంటూ తిరిగేది కాటుకపిట్ట. ఏడాది పొడుగునా ఇక్కడే ఉండే తీతువు ఈ మొత్తానికి కాపలాదారు. మనిషి అలికిడి ముందుగా పసిగట్టి అరిచేది అదే. దాని అరుపుతో గుంపంతా లేస్తుంది. తీతువు అరవకుండా గట్టు దిగగలిగినవాడికి మిగతా పక్షులన్నీ కనిపిస్తాయి.

వేట చూడాలంటే కొరమీను గద్ద కోసం కాచుకోవాలి. ఇంగ్లీషులో ఆస్ప్రే అనే ఈ గద్ద చలికాలంలో పెద్ద జలాశయాలకు వస్తుంది. రెక్కలు చాస్తే అయిదడుగుల పైమాటే. పొట్ట తెల్లన, కంటి మీదుగా ముదురు పట్టీ. నీటి పైన ఇరవై ముప్పై మీటర్ల ఎత్తున ఒకచోట రెక్కలాడిస్తూ నిలుస్తుంది. చేప కనిపించగానే రెక్కలు మడిచి జారుతుంది. నీటికి చేరే క్షణంలో కాళ్లు ముందుకు చాచి, ఒక్కోసారి ఒళ్లంతా మునిగేలా దూకుతుంది. జారే చేపను పట్టడానికి దాని అరికాళ్లు ముళ్లలాంటి గరుకు పొలుసులతో ఉంటాయి. బయటి వేలు వెనక్కి తిరగగలదు కనుక రెండు వేళ్లు ముందు, రెండు వెనక పెట్టి బిగిస్తుంది. పైకి లేచాక గాలిలోనే ఒళ్లు దులుపుకుని, చేప తల ముందుకు వచ్చేలా తిప్పి పట్టుకుంటుంది. అలా పట్టుకుంటే ఎదురుగాలి అడ్డం తక్కువ. తర్వాత ఎండిన చెట్టు మీదికో కరెంటు స్తంభం మీదికో వెళ్లి తీరిగ్గా తింటుంది. దూకిన ప్రతిసారీ చేప చిక్కదు. అందుకని ఒక్క దూకు చూసి వెళ్లిపోకుండా ఇంకాసేపు ఆగడం మేలు.

దూరదేశాల నుంచి రాకపోయినా నీళ్ల వెంట ఊళ్లు మారే పక్షులూ వలసపక్షులే. ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు, కంకణాలు, నీటికాకులు ఈ కోవకు చెందుతాయి. ఎక్కడ చెరువు నిండితే అక్కడికి, ఎక్కడ చేపలు దొరికితే అక్కడికి చేరతాయి. ఉమ్మడి అనంతపురం జిల్లా చిలమత్తూరు మండలంలోని వీరాపురం ఇందుకు పేరున్న ఊరు. ఎర్రకాళ్ల కొంగలు ఏటా వచ్చి ఊళ్లోని చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. జనం వాటి రాకను శుభంగా తలుస్తారు, కొట్టనివ్వరు, గూటి నుంచి పడ్డ పిల్లలను సాకుతారు. చెరువు నిండని ఏళ్లలో ఆ పిల్లలు ఆకలికి చచ్చిపోయిన సందర్భాలూ ఉన్నాయి. జనం ఎంత కాపాడినా నీళ్లు లేకపోతే పక్షి నిలవదని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

జలాశయం నుంచి చూపు వెనక్కి తిప్పితే పొలాల్లోనూ వలస సాగుతూనే ఉంటుంది. జమ్మలమడుగు నల్లరేగడి చేల మీద నేలబారుగా, రెక్కలను కాస్త పైకెత్తి తేలుతూ ఎలుకలూ మిడతలూ వెతికేవి పిల్లిగద్దలు. మధ్య ఆసియా గడ్డిభూముల నుంచి వచ్చిన ఇవి రాత్రిళ్లు నేల మీద గడ్డిలోనే గుంపుగా పడుకుంటాయి. జొన్న చేలపై మబ్బులా వాలేవి గులాబీ గోరువంకలు. అక్టోబరు, నవంబరుల్లో గట్ల మీద లెక్కలేనన్ని తూనీగలు ఒకే వైపు సాగుతూ కనిపిస్తే, అదీ వలసే. గ్లోబ్ స్కిమ్మర్ అనే ఈ పసుపు తూనీగ భారతదేశం నుంచి మాల్దీవుల మీదుగా తూర్పు ఆఫ్రికాకు సముద్రం దాటుతుందని 2009లో జీవశాస్త్రజ్ఞుడు చార్లెస్ ఆండర్సన్ ప్రతిపాదించాడు. అదే కాలంలో అముర్ డేగలు నాగాలాండ్ మీదుగా వచ్చి, దక్కను దాటి, అరేబియా సముద్రం మీద ఆగకుండా ఎగిరి ఆఫ్రికా చేరతాయి. దారిలో వాటికి ఈ తూనీగలే ఆహారం కావచ్చునని అంచనా.

చూసే పద్ధతి కష్టమైనది కాదు. ఎండ వీపు మీద పడేలా నిలబడాలి: ఉదయం తూర్పు దరిన ఉండి పడమటికి, సాయంత్రం పడమటి దరిన ఉండి తూర్పుకు చూడాలి. ఎదురెండలో ఏ బాతైనా నల్లగానే కనిపిస్తుంది. ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపే బైనాక్యులర్ మొదటివారికి సరిపోతుంది. పదిరెట్లది చేతిలో వణుకుతుంది. బొల్లికోళ్లలోంచి బాతులను ఏరడానికి మూడుకాళ్ల స్టాండు మీది టెలిస్కోపు కావాలి. మట్టిరంగు బట్టలు మంచివి. గట్టు పైన ఆకాశానికి ఎదురుగా నిలబడ్డ మనిషి పక్షికి దూరం నుంచే కనిపిస్తాడు. గట్టు వాలులో తుమ్మచెట్టు పక్కన కూర్చున్నవాణ్ని కాసేపటికి లెక్కచేయదు. మేస్తున్న పక్షులు మెడలెత్తి చూడటం మొదలుపెడితే, అంతకుమించి దగ్గరికి వెళ్లకూడదు. ఎగరగొట్టి ఫోటో తీయడం చెడ్డ అలవాటు. తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వును పక్షి ఈ నాలుగైదు నెలల్లోనే కూడబెట్టుకోవాలి. అకారణంగా లేపిన ప్రతిసారీ ఆ నిల్వ కరుగుతుంది. ఆ కొవ్వు ఎంత దూరం మోయగలదో 2022లో తేలింది. అలాస్కాలో పుట్టిన బార్‌టెయిల్డ్ గాడ్‌విట్ పిల్ల ఒకటి ఎక్కడా వాలకుండా 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరి ఆస్ట్రేలియాలోని టాస్మానియా చేరింది.

చూసినదాన్ని లెక్కపెట్టి రాసుకుంటే విలువ పెరుగుతుంది. భారత ఉపఖండంలో 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. లెక్కించేవారిలో ఎక్కువమంది స్వచ్ఛందంగా వచ్చే మామూలు మనుషులే. ఒడ్డు మీది లెక్క ఎంత దూరం పనికొస్తుందో అమెరికా పశ్చిమ తీరం చెబుతుంది. అక్కడ బూడిద తిమింగలాలు మెక్సికో మడుగుల్లో ఈని, ఆర్కిటిక్ సముద్రాలకు మేతకు వెళ్లి, ఏడాదిలో 16 వేల కిలోమీటర్లకు పైగా ఈదుతాయి. దారి పొడుగునా తీరానికి దగ్గరగా సాగుతాయి కనుక కొండ అంచున నిలబడి చూడవచ్చు. కాలిఫోర్నియాలో శాస్త్రవేత్తలు 1967 నుంచి ఒడ్డు మీద కూర్చునే వాటిని లెక్కిస్తున్నారు. 2016లో సుమారు 27 వేలున్నవి 2023 నాటికి 14,500కు పడిపోయాయని బయటపెట్టింది ఆ లెక్కే. ఆర్కిటిక్‌లో మేత తగ్గడమే ప్రధాన కారణమని తేల్చారు. మైలవరంలోనో పార్నపల్లెలోనో ఏటా ఒకే వారంలో, ఒకే చోట నిలబడి రాసిన అంకెలకూ అంతటి శక్తి ఉంటుంది. ఒక్క ఏడాది లెక్క ఏమీ చెప్పదు; పదేళ్ల లెక్క చాలా చెబుతుంది. కాలికి ఉంగరమో రంగు పట్టీనో ఉన్న పక్షి కనిపిస్తే, దాని మీది అక్షరాలు, అంకెలు, చూసిన తేదీ, చోటు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి తెలియజేయాలి. ఆ పక్షి ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలుస్తుంది.

ఈ పక్షులకు ఇక్కడ ఎదురయ్యే ముప్పుల్లో కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. వలలు, ఉచ్చులు, మందు పెట్టిన గింజలు పాతవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ వేట శిక్షార్హం. మందు పెట్టి చంపిన బాతు తిన్న మనిషికీ ప్రమాదమే. కరెంటు తీగలు కొత్తవి. మైలవరం మండలంలో సౌర విద్యుత్ పార్కు వచ్చింది, ముద్దనూరు దగ్గర థర్మల్ కేంద్రం ఎప్పటినుంచో ఉంది. మసక వెలుతురులో బారులుగా ఎగిరే బరువైన పక్షులు సన్నటి తీగను ఆఖరి క్షణం దాకా చూడలేవు. నీళ్ల దగ్గరి తీగలకు మెరిసే బిళ్లలు వేలాడదీస్తే ఈ చావులు తగ్గుతాయి. అది పెద్ద ఖర్చు కూడా కాదు. ఇసుక తవ్వకం మరో దెబ్బ. చలికాలపు చుట్టాలు మార్చి, ఏప్రిల్ నెలల్లో వెళ్లిపోయాక, ఏటి దిబ్బల మీద వట్టి ఇసుకలోనే గుడ్లు పెట్టే స్థానిక పక్షుల వంతు వస్తుంది. రివర్ టర్న్‌లు, తీతువులు ఆ ఎండలోనే పొదుగుతాయి. దిబ్బ పోతే గూడు పోయినట్టే. జలాశయానికి ఒక్కసారిగా నీళ్లు వదిలినా అదే జరుగుతుంది.

పెన్న వెంట సముద్రం దాకా వెళ్లగలిగినవారికి ఇంకా చూడవలసినవి ఉన్నాయి. నెల్లూరు దాటి దక్షిణానికి వెళ్తే 1976లో అభయారణ్యంగా ప్రకటించిన నేలపట్టు ఉంది. అక్కడి చెరువులో నీట మునిగి నిలిచే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. పక్షుల రెట్టలతో బలమెక్కిన ఆ చెరువు నీళ్లను చుట్టుపక్కల రైతులు ఎరువులా భావిస్తారు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా సాగుతుంది. చలికాలంలో ఆ రోడ్డుకు రెండు వైపులా రాజహంసలు మేస్తూ కనిపిస్తాయి. బూడిద తిమింగలాలు మాత్రం బంగాళాఖాతంలో లేవు. ఇక్కడి జలాల్లో బ్రైడ్స్ తిమింగలం లాంటి జాతులున్నా అవి తీరానికి దూరంగా తిరుగుతాయి; తెలుగువారికి తిమింగలం కనిపించేది ఎక్కువగా ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరంగానే. ఒడ్డు నుంచి చూడదగ్గ సముద్రపు వలసజీవి ఆలివ్ రిడ్లీ తాబేలు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రివేళ ఇసుకలోకి పాకి వచ్చి, వంద పైచిలుకు గుడ్లు పెట్టి వెళ్తుంది. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. నక్కలూ కుక్కలూ తవ్వకుండా అటవీశాఖ గుడ్లను ఏరి కంచె లోపల పొదిగిస్తుంది. పిల్లలు వెలుతురు ఉన్న వైపు నడుస్తాయి కనుక, వాటిని సముద్రంలోకి వదిలే చోట టార్చిలైటు గాని ఫోను ఫ్లాషు గాని వెయ్యనివ్వరు.